బంగళాలోకి ఎవరి కళ్లతో?

సత్తెనపల్లి చుట్టుపక్కల బంగళాలు లేవు. క్రోసూరు రోడ్డు పట్టినా, రాజుపాలెం వైపు మళ్లినా, ముప్పాళ్ల వెళ్లినా కనపడేది నల్లరేగడి నేల, దాని మీద పత్తి, మిరప. కాయ కోతలు మొదలయ్యాక కల్లాల దగ్గర ఆ ఘాటుకి దారిన పోయేవాళ్లు కూడా తుమ్ముతారు. మంచు కురిసేది ధనుర్మాసంలో తెల్లవారుజామున కాసేపు, పొద్దెక్కితే దాని జాడ ఉండదు. పాత పెద్ద ఇల్లంటే మండువా లోగిలి. అందులో తాళం వేసిన గది ఉంటే లోపల ఉండేది ధాన్యమో, ధర వస్తుందని ఆపిన సరుకో. పిచ్చెక్కిన భార్యని పై అంతస్తులో దాచే ఇల్లు, చచ్చిపోయినా పెత్తనం వదలని ఇల్లాలు తిరిగే ఇల్లు మా వైపు పుట్టలేదు.

అయినా బంగళా కథలంటే మా వాళ్లు ప్రాణం పెట్టారు. వారపత్రికలో సీరియల్ వస్తున్నన్నాళ్లూ ఆ పేజీలు చింపి, వరస తప్పకుండా పేర్చి, దారంతో కుట్టి, అట్ట వేయించి దాచుకునేవాళ్లు. ఆ కుట్టు పుస్తకం వీధంతా తిరిగి, చివరి పేజీలు ఊడి ఇంటికొచ్చేది. వావిలాల గోపాలకృష్ణయ్య గారి ఊరు ఇది, చదువు విలువ తెలిసిన ఊరు. లైబ్రరీలో దొరకని నవలని అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని తెచ్చుకునేవాళ్లు. చదివిన నవల సినిమాగా వస్తే బస్సెక్కి గుంటూరు వెళ్లి మరీ చూసేవాళ్లు, చూసొచ్చి ‘నవల చంపేశారు’ అని తిట్టేవాళ్లు. ఆ తిట్లు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఆ నవలలూ, ఆ సినిమాలూ, వాటికి అమ్మమ్మల్లాంటి ఇంగ్లీషు నవలల మీద వచ్చిన సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే ఆ తిట్లలో చాలా న్యాయం ఉందనిపిస్తోంది.

గోథిక్ ప్రేమ నవలకి పెద్ద సరంజామా అక్కర్లేదు. నా అన్నవాళ్లు లేని పిల్ల ఒకతి ఒక పాత, పెద్ద ఇంట్లో అడుగు పెడుతుంది, ఉద్యోగానికో, కోడలిగానో. ఇంటి యజమాని ఎక్కువ మాట్లాడడు. ఒక గది ఎప్పుడూ మూసి ఉంటుంది. ఇంట్లో లేని మనిషి ఒకరు ఉన్నవాళ్లందరి మీదా అధికారం చలాయిస్తుంటారు. ఆ పిల్లకి ఆ మగవాడి మీద ప్రేమ, ఆ ఇంటి మీద భయం ఒకేసారి పెరుగుతాయి. 1847లో అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే ఏడాది దీనికి రెండు మూల గ్రంథాలిచ్చారు: షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఎయిర్’, ఎమిలీ బ్రాంటీ ‘వూదరింగ్ హైట్స్’. 1938లో డాఫ్నీ డ్యూ మారియే ‘రెబెకా’ రాసింది. తర్వాత వచ్చిన బంగళా నవలలన్నీ ఈ మూడింటి సంతానమే.

నా వరకు ఈ నవలల సినిమాల్లో మంచీ చెడూ తేల్చేది ఒక్కటే ప్రశ్న. ఆ ఇంట్లోకి మనం ఎవరి కళ్లతో వెళుతున్నాం? ఆ పిల్ల కళ్లతోనా, దొరగారి కళ్లతోనా? సెట్టింగు ఎంత గొప్పదైనా, పాటలెంత బావున్నా, కళ్లు మారిన క్షణాన భయం పోతుంది. భయం పోతే మిగిలేది ఒక డబ్బున్నవాడి పెళ్లి కథ.

హిచ్‌కాక్ 1940లో తీసిన ‘రెబెకా’ నాకు ఎప్పటికీ ఇష్టమైనది ఇందుకే. నవలలో కథ చెప్పే అమ్మాయికి పేరు లేదు, సినిమాలోనూ పెట్టలేదు. చచ్చిపోయిన మొదటి భార్యకి మాత్రం ఇల్లంతా పేరే. ఉత్తరాలు రాసే బల్ల దగ్గర, రుమాలు మీద, రాత్రి దుస్తులు పెట్టే సంచి మీద కుట్టిన ఆర్ అక్షరం దగ్గర ఈ అమ్మాయి ఆగుతుంది, ఆమెతో పాటు మనమూ ఆగుతాం. రెబెకా మొహం మనకి ఒక్కసారి కూడా చూపించడు. ఫొటో లేదు, గతంలోకి వెళ్లే సన్నివేశం లేదు. ఆమె ఎలా చనిపోయిందో భర్త చెప్పే చోట ఏ దర్శకుడైనా వేరే నటిని పెట్టి ఆ రాత్రిని చూపించేవాడు. హిచ్‌కాక్ కెమెరాని ఖాళీ గదిలో నడిపిస్తాడు. ఆమె ఎక్కడ కూర్చుందో, ఎక్కడ లేచిందో, ఎటు నడిచిందో కెమెరా అటే కదులుతుంది. అక్కడ మనిషి లేదు, అయినా మన వెన్ను జలదరిస్తుంది. ఇందులోనూ ఒక పెద్ద లోపం ఉంది. నవలలో భర్తే ఆమెని కాల్చి చంపాడు. హంతకుడు శిక్ష తప్పించుకోకూడదని అప్పటి హాలీవుడ్ నిబంధన కాబట్టి సినిమాలో ఆమె పడి, తల తగిలి చనిపోతుంది. హత్య చేశాడని తెలిసి కూడా ఆ పిల్ల అతన్నే పట్టుకుని ఉండటం నవలలో అన్నిటికన్నా భయపెట్టే సంగతి. ఆ సంగతి తెర మీద పలచబడింది. ఉత్తమ చిత్రం ఆస్కార్ ఆ ఏడాది దీనికే వచ్చింది, ఆ లోపంతో సహా.

అదే నవలని 1964లో బీరేన్ నాగ్ హిందీలో ‘కోహ్రా’గా తీశాడు. కళా దర్శకుడిగా పని చేసి వచ్చినవాడు కాబట్టి ఇంటికి ప్రాణం పోయడం తెలుసు. వహీదా రెహమాన్ కొత్త కోడలిగా ఆ తలుపుల ముందు నిలబడే తీరు, దాసిగా లలితా పవార్ చూసే చూపు నన్ను ఇప్పటికీ వదలవు. అయితే అతనికి నమ్మకం చాలలేదు. ఖాళీ గది చాలనుకోలేదు, గాలిని, దీపాలని, నీడలని పనిలో పెట్టాడు. హిచ్‌కాక్ దగ్గర అనుమానంగా ఉన్నది ఇక్కడ దెయ్యం కథలోకి ఒరిగింది. అయినా నా ఇష్టాల్లోనే దీనికి చోటు, ఆ కోడలి కళ్లని చివరి దాకా వదిలిపెట్టలేదు కనుక. 2020లో వచ్చిన కొత్త ‘రెబెకా’కి ఆ చోటు ఇవ్వలేను. అంత ఎండ, అన్ని రంగులు, అంత ధైర్యంగా తిరిగే నాయిక ఉన్నప్పుడు ఆ ఇల్లు విడిది గృహంలా తోస్తుంది.

‘జేన్ ఎయిర్’ సంగతి ఇంకా స్పష్టం. 1943 నాటి సినిమాలో ఇంటి యజమాని రోచెస్టర్‌గా ఆర్సన్ వెల్స్ రాగానే జేన్ ఒక మూలకి వెళ్లిపోతుంది. ఆయన గొంతు, ఆయన అంగరఖా, ఆయన నీడ తప్ప ఇంకేమీ గుర్తుండవు. 2011లో కారీ ఫుకునాగా తీసిన దాంట్లో ఆ తప్పు లేదు. కథ మొదలవడమే జేన్ ఆ ఇల్లు వదిలి బీడు భూముల్లో పడి పారిపోతుండగా మొదలవుతుంది. ఎందుకు పారిపోతోందో తెలుసుకోవాలంటే ఆమె వెంటే వెళ్లాలి. ఈ నవల మీద వచ్చిన వాటిలో దీన్నే ముందు పెడతాను.

మన దక్షిణాదిలో ‘జేన్ ఎయిర్’ తమిళంలో 1969లో ‘శాంతి నిలయం’గా వచ్చింది. జెమినీ గణేశన్, మన కాంచన. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ. ‘మాయాబజార్’లో వెన్నెలని పుట్టించిన ఆ చేతికి జాతీయ అవార్డు వచ్చింది ఈ సినిమాకే. రంగుల్లో భయం పుట్టించడం కష్టం, బార్ట్‌లీ పుట్టించాడు. పిల్లల అల్లరి, హాస్యం, పాటలు కలిపి కథని కుటుంబ చిత్రం వైపు లాగేశాయి, అది వేరే సంగతి. దీనికి ముందు 1952లో హిందీలో వచ్చిన ‘సంగ్‌దిల్’లో దిలీప్ కుమార్, మధుబాల ఉన్నారు, సజ్జాద్ హుసేన్ సంగీతం ఉంది. అది వినడానికి బావుంటుంది. చూడటానికి మాత్రం జేన్ లేని ‘జేన్ ఎయిర్’.

‘వూదరింగ్ హైట్స్’ని సినిమా వాళ్లు ఎప్పుడూ సగమే తీశారు. 1939లో విలియం వైలర్ రెండో తరం కథని మొత్తం తీసేశాడు. నాకు అన్నిటికన్నా నచ్చనిది 1966 నాటి ‘దిల్ దియా దర్ద్ లియా’. నవలా నాయకుడు హీత్‌క్లిఫ్‌లో ఉన్న పగ, క్రూరత్వం ప్రాణ్‌కి అప్పజెప్పి, దిలీప్ కుమార్‌కి బాధ ఒక్కటే మిగిల్చారు. ప్రేమించిన వాళ్లనే నాశనం చేసే మనిషిని మంచివాణ్ణి చేస్తే ఆ నవలలో ఇక ఏముంటుంది?

తెలుగుకి వస్తే, మా పల్నాటి వైపు నుంచి సినిమాకి వెళ్లిన వాళ్లు నవ్వించిన వాళ్లు. ‘గుండమ్మ కథ’కి మాటలు రాసిన డి.వి. నరసరాజు గారిది సత్తెనపల్లి తాలూకా తాళ్లూరు, బ్రహ్మానందం గారిది ఇక్కడే చాగంటివారిపాలెం. భయం కథలకి పక్క జిల్లాల వాళ్లు, గోదావరి వాళ్లు కలం పట్టారు.

మన మొదటి ప్రయత్నాల్లో ఒకటి హిందీ మీదుగా వచ్చింది. రాజ్ ఖోస్లా 1964 నాటి ‘వో కౌన్ థీ’లో విల్కీ కాలిన్స్ ‘ది వుమన్ ఇన్ వైట్’ ఛాయ ఉంది. రాత్రివేళ దారిలో తెల్లబట్టల్లో కనపడే స్త్రీ, దాని వెనక ఆస్తి కోసం జరిగే కుట్ర. దాన్నే 1966లో ‘ఆమె ఎవరు?’గా జగ్గయ్య, జయలలితతో తీశారు. గుంటూరు జిల్లా వాడైన జగ్గయ్య గొంతులోని నిబ్బరం ఇలాంటి పాత్రకి సరిగ్గా అతికేది. ఒరిజినల్‌ని మించలేదు గానీ మర్యాదగా తీసిన సినిమా. కాకపోతే కథంతా అనుమానించే మగవాడి వైపు నుంచే నడుస్తుంది. కాలిన్స్ నవలలో చాలా భాగం తన కళ్లతో చూసి, తన డైరీలో రాసుకుని, కుట్రని పసిగట్టే మరియన్ అనే స్త్రీకి ఈ కథల్లో చోటే లేదు.

మా పాత గుంటూరు జిల్లా వాడే మునిపల్లె రాజు. ఊరు గరికపాడు. ఆయన ‘పూజారి’ నవలని బి.ఎన్. రెడ్డి 1964లో ‘పూజాఫలం’గా తీశారు. దీన్ని గోథిక్ అని ఎవరూ అనలేదు. నేనంటాను. పెద్ద ఇల్లు, అందులో ఒంటరిగా, ఆడవాళ్లతో మాట్లాడాలంటే బెదిరిపోయే సంపన్న యువకుడు. అద్దెకి వచ్చిన అమ్మాయి పాట అతని లోపల ఏదో కదిలిస్తుంది. ఆమె వెళ్లిపోయాక అతని మనసు చెదిరిపోతుంది. బంగళాలో దెయ్యం లేదు, పిచ్చిభార్య లేదు, ఆ యజమానే ఆ ఇంటి మూసిన గది. అక్కినేని అంత తక్కువ మాట్లాడిన సినిమాలు అరుదు. బి.ఎన్. గారి నిదానం ఇక్కడ గొప్ప పని చేసింది. రాజేశ్వరరావు సంగీతం అతని తలలోంచి వస్తున్నట్టే ఉంటుంది. మగవాడి కళ్లతో వెళ్లినా భయం పోకుండా నిలిచిన ఒకే తెలుగు సినిమా నాకు తెలిసి ఇదే, ఎందుకంటే ఈ ఇంట్లో భయపడే మనిషి అతనే.

ఆ తర్వాత కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి కాలం. కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ 1971 సెప్టెంబరులో తెర మీదకి వచ్చింది. దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు, నిర్మాత రామానాయుడు, మాటలు ఆత్రేయ. తాగుబోతు జమీందారు బిడ్డ, ఆత్మాభిమానం ఉన్న సెక్రటరీ. రోచెస్టర్, జేన్ అచ్చంగా తెలుగు నేల మీద దిగినట్టే. మొదటి సగంలో వాణిశ్రీ ఆ ఇంట్లోకి నడిచి వచ్చి, ఎవరేమిటో కనిపెడుతూ, తన గౌరవం కాపాడుకునే తీరు ఏ ఇంగ్లీషు జేన్‌కీ తీసిపోదు. అయినా నాకు ఎప్పుడూ ఒక అసంతృప్తి. కథకి గుండెకాయ లాంటి ఆ ప్రేమనగర్ భవనం కొత్తది. ఆమె కోసం అతనే కట్టించాడు. కొత్త ఇంట్లో రహస్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ చచ్చిపోయిన వాళ్లు లేరు, మూసిన గది లేదు. అద్దాలు, ఫౌంటెన్లు, కలలు మాత్రమే ఉన్నాయి. రెండో సగంలో కెమెరా ఆమెని వదిలి అతని గ్లాసునీ, అతని దగ్గునీ పట్టుకుంటుంది. అది గొప్ప నటనే, జనం నీరాజనం పట్టారు. కానీ ఇంట్లోకి వచ్చిన పిల్ల కథ అక్కడితో ఆగిపోయింది. ప్రకాశరావు గారే దీన్ని 1972లో శివాజీతో ‘వసంత మాళిగై’గా, 1974లో రాజేశ్ ఖన్నాతో హిందీ ‘ప్రేమ్ నగర్’గా తీశారు. మూడింటిలో హిందీది నాకు అస్సలు నచ్చదు, అందులో ఆ భవనం వట్టి సెట్టింగు.

యద్దనపూడి ‘సెక్రటరీ’ నవల చదివిన తరానికి రాజశేఖరం అంటే ఒక మౌనం. అతనేమనుకుంటున్నాడో జయంతికి తెలియదు కాబట్టి మనకీ తెలియదు. ఆ తెలియకపోవడమే పేజీ తిప్పించేది. 1976 సినిమాలో అతను పాడతాడు, మాట్లాడతాడు, మనసు విప్పుతాడు. యాభై దాటిన అక్కినేని ఎంత అందంగా ఉన్నా, దాచడానికి ఏమీ మిగలని రాజశేఖరం నవలలోని మనిషి కాడు. మా వాళ్లు తిట్టిన సినిమాల్లో ఇదే ముందుండేది, వాళ్ల తిట్టు సరైనదే. నవల ఆడవాళ్ల కోసం, ఆడమనిషి రాసినది. సినిమా హీరో అభిమానుల కోసం తీసినది.

ఇక ‘సితార’. 1984 ఏప్రిల్‌లో వచ్చింది. ఏడిద నాగేశ్వరరావు నిర్మాత, వంశీకి అప్పటికి ఇరవై ఏడేళ్లు, ‘మంచుపల్లకి’ తర్వాత రెండో సినిమా. తను రాసిన ‘మహల్లో కోకిల’ నవలనే తీశాడు. శిథిలమవుతున్న రాజావారి కోట, ఏళ్ల తరబడి నడిచే కోర్టు వ్యాజ్యం, డబ్బు పోయినా దర్జా వదలని అన్నగా శరత్‌బాబు, అతను గడప దాటనివ్వని చెల్లెలిగా భానుప్రియ. ఊళ్లోకి పగటి వేషగాళ్లు వస్తారు. పంటలిళ్లకి చేరాక మా పల్లెల్లోకీ వచ్చేవాళ్లు, రోజుకో వేషం కట్టి, చివరి రోజున ఇల్లిల్లూ తిరిగి సంభావన అడిగేవాళ్లు. వాళ్లు కోట ముందు ఆడుతుంటే ఆమె పైనుంచి చూస్తుంది. కింద వెలుగు, రంగు, డప్పు, గజ్జెలు. పైన నీడ, స్తంభాలు, రెండు పెద్ద కళ్లు. ఎం.వి. రఘు కెమెరా ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్నే పదే పదే కొలుస్తుంది. ఇళయరాజా ఆ దూరానికి సంగీతం ఇచ్చాడు.

ఇక్కడ వంశీ చేసిన మార్పు నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఇంగ్లీషు నవలల్లో బయటి నుంచి వచ్చిన పిల్ల కథానాయిక, ఇంట్లో బందీ అయిన స్త్రీ రహస్యం. జేన్ వేరు, పై అంతస్తులో అరిచే పిచ్చిభార్య బెర్తా వేరు. ‘సితార’లో ఇద్దరూ ఒక్కరే. బందీ అయిన స్త్రీయే నాయిక, ఆమె గతమే రహస్యం. ఆమె ఇంట్లోకి రాదు, ఇంట్లోంచి బయటపడుతుంది. సినిమా తార అయ్యాక కూడా ఎక్కణ్ణుంచి వచ్చావంటే నోరు విప్పదు. పట్నంలో నడిచే భాగంలో కొంత నాటకీయత ఎక్కువైంది, ఆమెకి సాయపడే ఫొటోగ్రాఫరు చుట్టూ తిరిగే సన్నివేశాలు కోట ముందు వెలవెలబోతాయి. అయినా తెలుగులో బంగళా నవలకి న్యాయం చేసిన సినిమా ఒక్కటి చెప్పమంటే తడుముకోకుండా దీని పేరే చెబుతాను. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు, జానకి గారి పాటకి, అనిల్ మల్నాడ్ కూర్పుకి కూడా అవార్డులు వచ్చాయి. కోతకి అవార్డు రావడం సబబే. కోటలోంచి బయటికీ, ఇప్పట్లోంచి అప్పట్లోకీ వెళ్లడంలోనే ఆ కథ బతికింది.

అప్పటికే గాలి మారుతోంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, దాని కొనసాగింపు ‘తులసి’ వారపత్రిక పాఠకులని బంగళా నుంచి క్షుద్రం వైపు తీసుకెళ్లాయి. ‘తులసి’ని 1986లో ‘కాష్మోరా’గా తీశారు. అందులోనూ భానుప్రియ, శరత్‌బాబు ఉన్నారు. యండమూరి నవలల బలం వైద్యుడు చెప్పేది నిజమా, మాంత్రికుడు చెప్పేది నిజమా అని చివరి దాకా తేల్చకపోవడం. చదివేవాడు ఒక పేజీలో ఇటు, ఇంకో పేజీలో అటు ఊగుతాడు. తెర మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని చూపించక తప్పలేదు, చూపించగానే ఆ ఊగిసలాట పోయింది. నాకు నచ్చని తెలుగు సినిమాల వరుసలో ఇది ముందుంటుంది. నటుల తప్పు కాదు. ఆ నవలలో తెరకెక్కే భాగం తక్కువ, మనసులో నడిచే భాగం ఎక్కువ.

ఇన్ని చూశాక నాకు మా దగ్గరి కథ ఒకటి గుర్తుకొస్తుంది. సత్తెనపల్లి నుంచి అమరావతి ఎంతో దూరం కాదు. ఆ ఊరి జీవితాన్ని శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’గా రాస్తే శ్యామ్ బెనెగల్ వాటిని దూరదర్శన్ కోసం హిందీలో తీశాడు. ప్రేమగా, నేల వాసన తెలిసి తీశాడు. అవి నది కథలు, గుడి కథలు. ఆ ఊళ్లో ఇంకో చీకటి కథ మిగిలే ఉంది. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చెంచులని భోజనానికి పిలిచి నరికించాడని, ఆ చోటికే నరుకుళ్లపాడు అని పేరొచ్చిందని, ఆ తర్వాత ఆయన విస్తట్లో అన్నం పురుగులై కనపడేదని, పాప పరిహారం కోసం గుళ్లు కట్టించాడని ఇక్కడ చెప్పుకుంటారు. చరిత్రకి తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. 18వ శతాబ్దం చివర ఆయన అమరావతిలో కొత్త పట్నం కడుతున్నప్పుడు రాళ్ల కోసం పక్కనే ఉన్న దిబ్బ తవ్వించారు. ఆ దిబ్బ బౌద్ధ స్తూపం. ఆ తవ్వకం కబురు విని కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. అంటే మా వైపు బంగళా లేకపోలేదు. చచ్చిపోయిన మతం రాళ్ల మీద లేచిన ఊరు, అన్నం ముట్టుకోలేని ప్రభువు, లోపల రాణివాసం. బ్రాంటీ అక్కచెల్లెళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ కథని ఎవరైనా నవలగా రాస్తే, అది రాణివాసంలో కొత్తగా అడుగు పెట్టిన పిల్ల చెప్పాలి. భర్త విస్తరి ముందు నుంచి ఎందుకు లేచిపోతున్నాడో, తన గుమ్మం కింద రాయి మీద ఆ తామరపువ్వు ఎవరు చెక్కారో ఒక్కొక్కటీ ఆమే కనుక్కోవాలి. దాన్ని సినిమాగా తీసేవాళ్లు నాయుడి వేషానికి పెద్ద హీరో కోసం వెతికే ముందు ఆ పిల్ల పాత్ర పూర్తిగా రాసిపెట్టుకోవాలని నా కోరిక.